కమాండర్ జీపుకు హీట్ మీటర్

హుస్నాబాద్,
దసరా వెళ్లిన రెండో మంగళవారం.

మెకానిక్ ఓంప్రకాశ్ గారికి,

నేను బాగున్నాను. జీపు సంగతి కింద రాస్తాను. నువ్వు ఎట్లా ఉన్నావో గాజులమ్మే యాదలక్ష్మి చెప్తూనే ఉంది కాబట్టి అడగాల్సిన పని లేదు.

ఉత్తరం వచ్చిందని సంబరపడకు, ఒట్టు ఒట్టే. పండుగ తెల్లారి నీ షెడ్డు ముందు ఇద్దరం స్టీరింగ్ మీద చేయి పెట్టి "ఇగ నీతోని మాట్లాడ" అనుకున్నాం. స్టీరింగ్ మీద ఒట్టు తప్పిన డ్రైవర్ బండి ఏ చెరువులోనో తేలుతుందని నువ్వే కదా అందరికీ చెప్తావు. అందుకే ఫోన్ లేదు. వాట్సాప్ కూడా ఫోన్ కడుపులోదే కాబట్టి అదీ లేదు. ఉత్తరం మాత్రం మాట కిందికి రాదని మా అమ్మ తీర్పు చెప్పింది. కొండవ్వ నీకు మేనత్తే కదా, తీర్పు నచ్చకపోతే ఆమెతో కొట్లాడు. యాదలక్ష్మి గాజుల కోసం వారం వారం సిద్దిపేట వస్తుంది. ఇచ్చేది, తెచ్చేది ఆమే.

అసలు విషయం. జీపు వేడెక్కుతోందని నేను ఆరు నెలలు మొత్తుకున్నాను. నువ్వేమన్నావు? నీ గిరాకీలందరి ముందు, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, "బండి వేడైతలేదు, నీ తలకాయ వేడైతుంది. క్లచ్ మీద కాలు పెట్టి తొక్కితే విమానమన్న వేడైతది" అన్నావు. అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసమే అన్నావని నాకు తెలుసు, అందుకే ఎక్కువ మండింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, బాగుచేయడం చేతకాక డ్రైవర్ను అన్నావు.

ఇప్పుడు ఆ బండితోనే ఇక్కడ పత్తి ఏరే ఆడవాళ్లను చేలకు దింపి, సాయంత్రం ఇళ్లకు చేరుస్తున్నాను. ఈ సీజన్ మొత్తానికి మాట ఇచ్చాను. ఇంజన్ చెడకుండా నడిస్తే నేను ఇక్కడే ఉండిపోతాను, సిద్దిపేట వైపు బండి ముక్కు కూడా తిప్పను. అది చెడకుండా ఉండాలంటే ఎంత వేడెక్కుతోందో నాకు కనబడాలి. కంపెనీ మీటరు చచ్చి చాలా కాలమైంది కదా, బజార్లో కొత్త హీట్ మీటరు, దాని సెన్సర్ కొన్నాను. డబ్బాలో ఇచ్చిన కాగితం మీద ఏదో చైనా కారు బొమ్మ ఉంది. మన జీపులో సెన్సర్ ఎక్కడ బిగించాలో రాయి. బిగించేది నేనే. బతిమాలుతున్నానని అనుకోకు, అడుగుతున్నాను.

ఇట్లు,
తలకాయ వేడి గల సంధ్య.


సిద్దిపేట,
శుక్రవారం.

డ్రైవరమ్మ సంధ్య గారి సముఖానికి,

ఉత్తరం అందింది. యాదలక్ష్మి దాన్ని గాజుల మూటలో పెట్టుకుని వచ్చి, షెడ్డులో నలుగురి ముందు "ఇగో, నీ పెండ్లాం సమన్లు పంపింది" అని చేతికిచ్చింది. పరువు పోయింది. మిగిలిందేమైనా ఉంటే వచ్చే వారం తీసుకుపో.

మీటరు కొన్నావా? మంది మాటలు విని మారుమనువు పోతే మళ్లొచ్చేసరికి ఇల్లు గుల్లయిందట. ఎవరు చెప్పారు నీకు? నేను ఇరవై ఏళ్లుగా బానెట్ మీద అరచేయి పెట్టి చెప్తున్నాను ఏ ఇంజన్ ఎంత వేడో. జ్వరం చూడటానికి దవాఖానలో గాజు పుల్ల కావాలేమో, మా తాతకు అక్కర లేదు, నాకూ అక్కర లేదు. అయినా నీ ఇష్టం. నువ్వెప్పుడు నా మాట విన్నావని.

అడిగావు కాబట్టి రాస్తున్నాను, లేకపోతే నువ్వు పానా పట్టుకుని ఇంజన్ మొత్తం విప్పేస్తావు. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. వేడి మీద రేడియేటర్ మూత తీశావో, ముఖం ఉడికిన వంకాయ అవుతుంది. రేడియేటర్ కింద ఉన్న కుళాయి విప్పి సగం నీళ్లు బకెట్లోకి వదులు. రేడియేటర్ నుంచి లావు పైపు వచ్చి ఇంజన్ తలకు కలుస్తుంది చూడు, దాని పక్కనే పాత సెన్సర్ తుప్పు పట్టి కూర్చుని ఉంటుంది. ముందు రోజే దాని మీద కాస్త డీజిల్ పోసి ఉంచు, మొండికేయకుండా వస్తుంది. అక్కడే కొత్తది బిగించు. మరీ బలం చూపించకు, ఇత్తడి మరలు విరుగుతాయి. నీ చేతి బలం నాకు తెలుసు.

సెన్సర్ నెత్తి మీది నుంచి ఒకే వైరు మీటరుకు పోతుంది. మీటరుకు ఇంకో వైరు తాళం చెవి తిప్పితే కరెంటు వచ్చే చోటి నుంచి, మూడోది బాడీ ఇనుముకు. వైర్లు సైలెన్సర్ వేడికి తగలకుండా కట్టు. తర్వాత నీళ్లు నింపు, ఇంజన్ నడిపించు, కారితే చూడు. సూది ఎనభై, తొంభై మధ్యలో ఉంటే బండికి ఏ రోగమూ లేదని అర్థం. అక్కడే ఉంటుంది చూడు.

నేను బ్రహ్మాండంగా ఉన్నాను. పొద్దున కోమటి చెరువు కట్ట మీద నడుస్తున్నాను. బరువు తగ్గాను. ఇల్లంతా నాదే. టీవీ కూడా నాదే.

ఇట్లు,
ఓంప్రకాశ్.


హుస్నాబాద్,
సోమవారం.

మెకానిక్ గారికి,

మీటరు బిగించాను. సూది లేవలేదు. చదివావా? ఇంకోసారి చదువుకో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నలభై మీదే పండుకుంది. నీ మాటే నిజమైంది, బండి చల్లగా ఉంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. సంతోషం కదా?

ఇక బిగించిన ముచ్చట. పాత సెన్సర్ నువ్వు చెప్పినట్టే వచ్చింది. కొత్తది చేతిలోకి తీసుకున్నానో లేదో అమ్మ వచ్చి లాక్కుంది. "కొత్త సామాను పూజ లేకుంట ఇంజన్ల పెడ్తవా? పెండ్లి లేకుంట పిల్లను అత్తింటికి తోలినట్టు!" అని పీట వేసింది. సెన్సర్‌కు బొట్టు పెట్టింది. మీటరుకు కొబ్బరికాయ కొట్టింది. కొమురవెల్లి మల్లన్న దగ్గర మొక్కి తెచ్చిన పసుపు దారం సెన్సర్ మరల చుట్టూ, కింది నుంచి పైదాకా, గట్టిగా చుట్టి ముడి వేసింది. వద్దంటే ఏడుస్తుంది. ఆ దారం వల్ల సందులో నీళ్లు కారతాయేమోనని దాని మీద నేను నల్లాలకు చుట్టే తెల్ల టేపు నాలుగు వరుసలు చుట్టాను. బాగా బిగిసింది. చుక్క కారలేదు. నా పని చూస్తే నువ్వు కూడా మెచ్చుకునేవాడివి, పైకి అనవు గానీ.

సూది చల్లగా ఉందని చెప్పింది కదా, ఇక భయం ఎందుకని మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు కూడా ఒప్పుకున్నాను. వెనుక ఇరవై మంది దాకా ఎక్కుతున్నారు. పోచవ్వ అనే పెద్దామె ముందు సీట్లో నా పక్కనే కూర్చుంటుంది. "ఏందే సంధ్యా, పొయ్యి మీద కూసున్నట్టుంది, కాళ్లు కాల్తున్నయ్" అంటుంది. సూది చూపించాను. "సూది పండుకున్నదేమో లేపు" అంటుంది. ఆమెకేం తెలుసు. రేడియేటర్లో మాత్రం రోజూ రెండు చెంబులు నీళ్లు తగ్గుతున్నాయి. ఎండకు ఆవిరవుతున్నాయేమో.

తప్పు నాదే అయితే నాదే. క్లచ్ మీద కాలు పెట్టడం మానేశాను. నీ షెడ్డులో వాళ్లకు చెప్పుకుని ఇంకోసారి నవ్వుకోండి.

సంధ్య.


సిద్దిపేట,
శుక్రవారం, మధ్యాహ్నం.

డ్రైవరమ్మా,

మొదటి నాలుగు ముక్కలు చదివాను. చాలు! మిగిలింది తీరిగ్గా చదువుకుంటాను, యాదలక్ష్మి బస్సుకు తొందర పడుతోంది. ఆ నాలుగు ముక్కలను షెడ్డులో గట్టిగా చదివి వినిపించాను. చాయ్ హోటల్ సిద్ధయ్య రెండోసారి చదివించుకున్నాడు. కాగితం ఫ్రేము కట్టిస్తాను. అరచేయి గెలిచింది, మీటరు ఓడింది. బండి చల్లగా ఉంది, నేను కూడా చల్లగా ఉన్నాను.

విజేత ఓంప్రకాశ్.


సిద్దిపేట,
అదే శుక్రవారం, సాయంత్రం.

సంధ్యా,

మధ్యాహ్నం పంపిన ఉత్తరం చింపెయ్యి. ఈ ఉత్తరం ముందు చేరితే, అది వచ్చినప్పుడు విప్పకుండా చింపెయ్యి. బండి ఎక్కడ ఉంటే అక్కడ ఆపు. ఇది మొత్తం చదివేదాకా తాళం చెవి తిప్పకు.

మిగతా ఉత్తరం చాయ్ తాగుతూ చదివాను. దారం దగ్గరికి వచ్చేసరికి గ్లాసు కింద పెట్టేశాను. సెన్సర్‌కు ఒకటే వైరు ఎందుకు ఉందో నేను నీకు రాయలేదు, నాకు తెలిసిందే నీకూ తెలుసనుకున్నాను. రెండో వైరు దాని ఒళ్లే. దాని ఇత్తడి మరలు ఇంజన్ ఇనుమును తాకితేనే కరెంటు తిరుగుతుంది, సూది కదులుతుంది. అత్త దారం చుట్టింది, నువ్వు దాని మీద టేపు చుట్టావు. ఇనుమును ఇత్తడి తాకడం లేదు. బండి నిప్పుల గుండమైనా నీ సూది నలభై మీదే పండుకుంటుంది. పోచవ్వ చెప్పిందే నిజం. రెండు చెంబుల నీళ్లు ఎండకు పోవడం లేదు, ఇంజన్ తాగుతోంది.

నమ్మకపోతే పరీక్ష చెయ్యి. తాళం చెవి ఆన్ చేసి, సెన్సర్ మీది వైరు పీకి ఇంజన్ ఇనుముకు ఒక్క క్షణం తగిలించు. సూది ఎగిరి అటు చివర పడితే మీటరు మంచిదే, దోషం దారానిది. తర్వాత సెన్సర్ విప్పి దారం, టేపు రెండూ తీసి, మరలు గుడ్డతో తుడిచి, ఒట్టిగా బిగించు. 

ఒట్టు నీ మీద ఉంది గానీ మీ అమ్మ మీద లేదు కదా అని అత్తకు ఫోన్ చేశాను. "నా దారం అడ్డమొచ్చిందా? మల్లన్న దారంరా అది! నీ నోరే అడ్డం, దారం కాదు" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నేనే వద్దామని బస్టాండు దాకా వచ్చాను. కానీ నన్ను చూస్తే నువ్వు బండి ఆపవు, ఇంకా తొక్కుతావు. అందుకే హుస్నాబాద్ బస్సు డ్రైవర్ పర్శరాములుకు ఇస్తున్నాను, మన షెడ్డు గిరాకీయే. బస్సు దిగగానే మీ ఇంటికి నడిచి వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు.

ఒక మాట రాయకుండా ఉండలేను. ఇంజన్ చెడకుండా నడిస్తే సిద్దిపేట రానని నువ్వే రాశావు. అంటే అది వేడికి బిగుసుకుపోయి సీజ్ అయితే నీకు ఇక్కడికి రావడం తప్ప దారి లేదు. ఆ దారం ముచ్చట చదివినప్పుడు, నోరు మూసుకుంటే చాలు కదా అనిపించింది. చాయ్ చల్లారేంత సేపు అనిపించింది. తర్వాత ఆ ఇరవై మంది, పొయ్యి మీద కూర్చున్న పోచవ్వ, వేడి నీళ్ల పైపు పగిలితే నీ కాళ్లు కళ్ల ముందుకు వచ్చాయి. నువ్వు లేని ఇల్లు బాగాలేదు సంధ్యా. టీవీ కూడా బాగాలేదు. అయినా నువ్వు ఇట్లా రావడం నాకొద్దు.

ఓంప్రకాశ్.


హుస్నాబాద్,
ఆదివారం.

బావా,

పర్శరాములు ఉత్తరం ఇచ్చినప్పుడు నేను చేను నుంచి వచ్చి రేడియేటర్లో నీళ్లు పోయబోతున్నాను, మూత మీద చేయి కూడా పెట్టాను. "ముందుగాల గిది సదువమన్నడు నీ మొగడు, సదివినంకనే ఏదన్న ముట్టుకొమ్మన్నడు" అని చేయి పట్టుకున్నంత పని చేశాడు. చదివాక మూత మీది నుంచి చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది.

తెల్లారి నువ్వు చెప్పిన పరీక్ష చేశాను. సూది ఒక్క ఎగురు ఎగిరి అటు చివర పడింది. ఇక దారం తీయాలి. అమ్మ జీపు ముందు అడ్డంగా కూర్చుంది. "దేవుని దారం తెంపుతవా? నీ మొగడు చెప్తే నా తల కూడ తెంపుతవు" అంది. గంట సేపు కొట్లాడాక ఒప్పందం కుదిరింది. దారం తెంపకుండా విప్పి ముందు అద్దానికి కట్టాం. అక్కడైతే దేవుడికి దారి కూడా కనబడుతుందని చెప్పాను. దానికి కరిగిపోయింది.

మరలు తుడిచి బిగించాను. అదే శనివారం చేలకు పోయాను. రోడ్డు మీద తొంభై. సరే అనుకున్నాను. మట్టి బాటలోకి దిగి, మొదటి గేరులో ఇరవై మందిని లాగుతుంటే సూది తొంభై ఐదు, నూరు, నూటైదు అని మెట్లెక్కినట్టు ఎక్కింది. ఆపేశాను. అందరినీ దింపి నడిపించాను. పోచవ్వ దిగుతూ, "సూది లేచిందా బిడ్డా? నా కాళ్లు ఎప్పుడో లేచినయ్" అంది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. నీ షెడ్డు నవ్వు లాంటిది కాదు ఇది.

కాబట్టి మెకానిక్ గారూ, బండే వేడెక్కుతోంది, తలకాయ కాదు. అరచేయి ఓడింది. ఇది కూడా షెడ్డులో చదివి వినిపించు, మొదటి నాలుగు ముక్కలు కాదు, మొత్తం. రోడ్డు మీద వేగంగా పోతే చల్లబడుతుంది, బాటలో మెల్లగా పోతే ఎక్కుతుంది. ఎందుకో ఆలోచించు, అది నీ పని. ఆ రెండో ట్రిప్పు వద్దని చెప్పేశాను.

చాయ్ చల్లారేంత సేపు అన్నావు చూడు, దానికి కోపం రాలేదు. వచ్చిందని రాద్దామనుకున్నాను గానీ రాలేదు.

సంధ్య.


సిద్దిపేట,
శుక్రవారం.

సంధ్యా,

చదివాను. షెడ్డులో అందరినీ పిలిచి, సిద్ధయ్య చేత అందరికీ చాయ్ పోయించి, ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను. "అరచేయి ఓడింది" దగ్గర రెండుసార్లు చదివించారు. సిద్ధయ్య ఏమన్నాడో తెలుసా? "లోకం బండ్లన్ని బాగుజేస్తవ్ ఓంప్రకాశ్, నీ పెండ్లాం బండి బానెట్ ఎత్తనీకె చేతులు రాలేదార?" అన్నాడు. అప్పుడు కూడా అందరూ నవ్వారు. ఆ రోజు నువ్వు ఎట్లా నిలబడ్డావో నాకు ఇప్పుడు తెలిసింది.

వాడి మాట అబద్ధం కాదు. వచ్చిన ప్రతి బండి బానెట్ ఎత్తాను, నీది మాత్రం అరచేతితో తట్టి పంపాను. నువ్వు చెప్పింది వినే ఉంటే ఇంత రామాయణం లేదు.

రోడ్డు మీద చల్లబడి, మెల్లగా పోతే వేడెక్కుతోందంటే గాలి ఆడటం లేదు. పోయినేడు కూడా నువ్వు పత్తి మూటలు వేసుకుని తిరిగావు కదా. ముందున్న జాలీ విప్పు. దాని వెనక రేడియేటర్ రేకుల సందుల్లో టార్చి కొట్టి చూడు. దూది పేరుకుని ఉంటుందని నా అనుమానం. చీపురుతో గీకకు, రేకులు వంగుతాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకు, మెల్లగా నీళ్ల పైపు పెట్టు. దూది వచ్చిన దారినే పోతుంది.

అది శుభ్రమైతే సూది ఎనభై ఐదు దాటదు. ఆ ఇంజన్ గట్టిది, ఇంకో పదేళ్లు నడుస్తుంది. ఇక నీకు నాతో ఏ పనీ ఉండదు. బండి బాగుపడే దారి నా చేతులతోనే రాసి పంపుతున్నాను, రాస్తుంటే చెయ్యి ముందుకు పోవడం లేదు. అయినా రాశాను. జాలీ నట్లు నాలుగే, పది నంబరు పానా.

ఓంప్రకాశ్.


హుస్నాబాద్,
గురువారం.

బావా,

దూదే. జాలీ తీస్తే రేడియేటర్ దుప్పటి కప్పుకుని పండుకున్నట్టుంది. నువ్వు చెప్పినట్టు వెనక నుంచి నీళ్లు పెట్టాను, బురద బురదగా వచ్చింది. అమ్మ దాన్ని ఎండబెట్టి దిండు కుడతానంటోంది. డీజిల్ వాసన వచ్చే దిండు నీకే పంపుతుందట, అల్లుడు సుఖంగా పడుకోవాలని.

మూడు రోజులు నడిపాను. ఇరవై మందితో, మొదటి గేరులో, బాటలో. సూది ఎనభై ఐదు దగ్గర కూర్చుని లేవడం లేదు. పోచవ్వ కాళ్లు చల్లబడ్డాయి. ఇప్పుడు నన్ను ఇంకొంచెం గట్టిగా తొక్కమంటోంది.

షెడ్డులో ఏం జరిగిందో యాదలక్ష్మి అంతా చెప్పింది. నువ్వు రాసిన దానికంటే ఎక్కువే చెప్పింది. చదువుతూ రెండుసార్లు కాగితం మడిచి మళ్లీ విప్పావట కదా. అది నువ్వు రాయలేదు.

ఇప్పుడు నా మాట విను. ఇంజన్ సీజ్ అయితే నేను నీ దగ్గరికి వచ్చేదాన్నని అనుకున్నావు. నీకు ఇంజన్లు తెలుసు గానీ నేను తెలియను. సీజ్ అయి ఉంటే, దాన్ని ఇక్కడే పాత ఇనుము కింద తూకానికి వేసి, నేను కూడా పోచవ్వ పక్కన పత్తి ఏరేదాన్ని. తాడు కట్టించుకుని, లాక్కు వచ్చిన బండితో, నీ గిరాకీలందరూ చూస్తుంటే నీ షెడ్డు ముందు దిగేదాన్నా? చచ్చినా దిగను. నువ్వు ఆ రోజు నోరు మూసుకుని ఉంటే బండీ పోయేది, నేనూ పోయేదాన్ని. చాయ్ చల్లారేంత సేపట్లో నీ కాపురం ఎంత దూరం పోయి వచ్చిందో నీకు తెలియదు.

బండి బాగైంది. ఇక నీతో నాకు ఏ అవసరమూ లేదు. అందుకే వస్తున్నాను.

సీజన్ అయ్యేదాకా ఈ ఆడవాళ్లకు ఇచ్చిన మాట తప్పను. శనివారం వాళ్లను ఇళ్ల దగ్గర దింపి అటు నుంచి అటే సిద్దిపేట వస్తాను. సోమవారం పొద్దున్నే మళ్లీ ఇక్కడ ఉండాలి. ప్రతి వారం ఇంతే. షెడ్డు ముందు జాగ ఖాళీగా ఉంచు, గేటుకు అడ్డం ఎవరి బండీ పెట్టనీయకు. ఒట్టు ఇద్దరం కలిసి పెట్టుకున్నదే, అదే స్టీరింగ్ మీద చేయి పెట్టి ఇద్దరం కలిసే తీసేద్దాం. మటన్ తెచ్చిపెట్టు, వండేది మాత్రం నువ్వే.

నీ సంధ్య.